మంత్రసాని గుడ్డు

గుడ్డులో ఉన్న పిల్ల మాట్లాడుతుందని మా చెల్లెలు కామాక్షి నాకు చెప్పిన రోజు నేను ఐదో తరగతి లెక్కల పేపర్లు దిద్దుతున్నాను. తడి తువ్వాల్లో చుట్టి తెచ్చిన గూడబాతు గుడ్డును నా చెవికి ఆనించింది.

"విను అన్నా."

ఏమీ వినపడలేదు. తువ్వాలు విప్పి, గుడ్డును కిటికీ దగ్గర ఎండలో కాసేపు ఉంచి, మళ్ళీ చెవికి ఆనించింది. లోపలి నుంచి సన్నగా, గోరుతో పలక మీద గీసినట్టు ఒక చప్పుడు. ఆగింది. మళ్ళీ గీసింది.

"వేడిగా ఉందంటా ఉండాడు," అంది. "వాళ్ళమ్మ ఉంటే ఇప్పటికి లేచి రెక్క అడ్డం పెట్టేది."

"అయితే ముందు నువ్వు అడ్డం పెట్టు," అన్నాను.

నవ్వింది. గుడ్డును మళ్ళీ తువ్వాల్లో చుట్టి, వచ్చిన పడవలోనే గూటికి తీసుకెళ్ళింది.

మా ఊరు కూనలపట్టు. పులికాట్ సరస్సుకి ఎగువన, ఉప్పు నేలలు దాటాక వస్తుంది. ఊరి చెరువు నిండా నీటికడప చెట్లు. మొదళ్ళు నీళ్ళలో, కొమ్మలు గాలిలో ఉంటాయి. ముక్కు కింద సంచి ఉండే గూడబాతులు ఏటా ఆ కొమ్మల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని లేపుకుపోతాయి. మా ఊరివాళ్ళకి అవి కాన్పుకి పుట్టింటికొచ్చిన ఆడపడుచులు. అవి ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో పెద్ద చప్పుడు చేయకూడదు. పెళ్ళికి మేళం ఉండదు, చావుకి తప్పెట ఉండదు. మా బడి గంట నాలుకకి గుడ్డ చుట్టి కట్టేస్తాం. దాని బదులు స్తంభానికి పచ్చగుడ్డ ఎగరేస్తే పిల్లలు చూసుకుని వస్తారు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఇది వింతగా చూసిన తనిఖీ అధికారి ఒకాయన, సాయంత్రం వెళ్ళేటప్పుడు తన మోటారు సైకిల్‌ని ఊరి పొలిమేర దాకా నడిపించుకుంటూ వెళ్ళాడు.

పూర్వం అవి దీపావళికి వచ్చేవి. ఈశాన్యం వానలు అప్పుడు పడేవి కాబట్టి. మా ఊళ్ళో టపాసులు కాల్చడం ఎవరికీ తెలియదు. ఇప్పుడు వానలు వెనక్కి జరిగాయి. పక్షులు శివరాత్రికి వస్తున్నాయి. దీపావళికి పిల్లలు టపాసులు కాల్చుకుంటున్నారు. ఆ సంగతి ఊళ్ళో ఎవరూ సంతోషంగా చెప్పుకోరు.

అలా ఆలస్యంగా వచ్చిన మొదటి ఏడాది గుడ్లు గూళ్ళలోనే ఉడికిపోయాయి. ఊరు ఊరంతా ఏడ్చింది. "కాన్పుకొచ్చిన బిడ్డని ఎండలో పండబెడతామా?" అని మస్తానమ్మ పెద్దమ్మ ఇల్లిల్లూ తిరిగింది. మొదటి పక్షి వాలిన చెట్టుకి పసుపు కొమ్ము కట్టేది ఆమే. పురిటి కట్టుబాట్లన్నీ ఆమె చేతిలో ఉంటాయి. వేరుశనగ చేలల్లోని స్ప్రింక్లర్లు విప్పుకొచ్చి చెట్ల మీదికి ఎక్కించారు. బోరుకి మోటారు బిగించారు. మరుసటి ఏడు నుంచి గుడ్లన్నీ పిల్లలయ్యాయి. బొద్దుగా, ముద్దుగా ఉండేవి. చూడ్డానికి పక్క ఊళ్ళ నుంచి వచ్చేవారు.

ఆ బొద్దు పిల్లలు ఎగరడం నేర్చి ఎక్కడికి పోతున్నాయో చూసింది కామాక్షి ఒక్కతే. ఆమె పక్షుల శాస్త్రం చదివి, సూళ్ళూరుపేట దగ్గర చిన్న పరిశోధన కేంద్రంలో చేరింది. అమ్మా నాన్నా పోయాక ఇంట్లో మేమిద్దరమే. నేను పెళ్ళి చేసుకోలేదు. ఆమెకి దాని గురించి ఆలోచించే తీరిక దొరకలేదు. ఒక ఆగస్టులో ఉప్పు నేలల మీద తిరిగొచ్చి, అన్నం క్యారియరు తెరిచి నేల మీద బోర్లించింది. గూళ్ళలో ఉండగా తను పిల్లల కాళ్ళకి వేసిన ఉంగరాలు గలగలా పడ్డాయి.

"ఇవన్నీ మనూరి పిల్లలవే అన్నా. ఎండకి ఆగలేక పొయ్యాయి."

తరవాత ఫోన్లో ఒక చప్పుడు వినిపించింది. ఖాళీ కుండ మూతిలో ఊదినట్టు లోతుగా ఉంది. దక్షిణాన, మనుషులెవరూ లేని ఒక మడుగు దగ్గర రికార్డు చేసిందట. గుడ్డు పగలడానికి ముందు రోజుల్లో, బాగా ఎండ కాసే మధ్యాహ్నాలు అక్కడి తల్లులు అలా మూలుగుతాయి. ఆ మూలుగు విన్న పిల్ల చిన్నదిగా పుడుతుంది. తక్కువ తింటుంది. నోరు తెరిచి గొంతు సంచి ఆడించి ఒళ్ళు చల్లబరుచుకోవడం ముందే మొదలుపెడుతుంది. అలాంటి పిల్లలు ఉప్పు నేలల మీద బతుకుతున్నాయి.

"మనూరి తల్లులు మూలగవా?"

"పైన నీళ్ళు పడతా ఉంటే ఎండ ఎట్టా తెలుస్తుంది? తల్లికి తెలియకపోతే పిల్లకి చెప్పదు. పిల్ల వినకపోతే, రేపు అది తల్లయ్యాక చెప్పడం రాదు. ఇంకొన్నేళ్ళు పోతే ఈ చెరువులో ఆ మాట వచ్చినోళ్ళే ఉండరు."

మాట్లాడేవాళ్ళు లేక పోయిన భాషల గురించి మా వాచకంలో ఒక పాఠం ఉంది. అది గుర్తొచ్చింది.

కేంద్రం వాళ్ళ ప్రయోగశాల ఒక పాత రైసు మిల్లు గోడౌను. కామాక్షీ, ఆమె దగ్గర పనిచేసే నస్రీనూ ఏడాది పైన అందులోనే ఉండి ఒక గుడ్డు చేశారు. బరువు, గరుకుదనం అచ్చంగా గూడబాతు గుడ్డువే. లోపల ఒక చెవి, కందిబద్దంత నోరు. పక్కన ఉన్న అసలు గుడ్లలో పిల్లలు గీస్తున్న చప్పుడు అది వింటుంది. రాబోయే రోజుల ఎండ ఎంతో వాతావరణ ఉపగ్రహం నుంచి తెలుసుకుంటుంది. దాన్ని బట్టి తల్లి మూలుగును తను మూలుగుతుంది. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు నస్రీన్ దాన్ని టీ గ్లాసు మీద నిలబెట్టి ఉంచింది. మేం మాట్లాడుతుండగా అది ఒకసారి మూలిగింది. గ్లాసులో టీ సన్నగా వణికింది.

"రేపు ఎండ ఎక్కువన్నా," అంది నస్రీన్. మర్నాడు నిజంగానే ఎక్కువ.

అలాంటివే ఇంకొన్ని చేశాక, ఊరి ఒప్పుకోలు కోసం ఇద్దరూ ఊళ్ళోవాళ్ళతో మా బడి వరండాలో కూర్చున్నారు. 

"ఏందమ్మా కామాక్షీ, పురిటింట్లో బొమ్మగుడ్డు పెడతానంటివంట?" అంది మస్తానమ్మ.

"బొమ్మ గాదు పెద్దమ్మా. పలుకుతాది."

"ఏమని?"

"బయట ఎండగా ఉండాది, తట్టుకునేటట్టు రమ్మని."

"పుట్టకముందే బిడ్డకి కష్టం చెప్తారా యాడన్నా? కడుపుతో ఉండేదాని కాడ మంచి మాటలే గదమ్మా మాట్లాడేది!"

"అమ్మ చెప్పకపోతే ఎండ చెప్తాది పెద్దమ్మా. ఎండకి మెల్లిగా చెప్పడం రాదు."

వెనక నుంచి వేరుశనగ రైతు చినపోలయ్య అందుకున్నాడు. "అట్టయితే మా కోడలి కాడ గూడా ఒకటి పెట్టు తల్లీ. దాని పెద్దోడు ఏసీ లేకపోతే పండుకోడు."

అందరూ నవ్వారు, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని. పక్షులు అప్పటికే చెరువులో దిగి ఉన్నాయి.

మస్తానమ్మ గుడ్డును చేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది. "అంటే మంత్రసాని అన్నమాట. సరే. మంత్రసాని ఒళ్ళు కడుక్కోకుండా పురిటింట్లోకి పోగూడదు. పసుపునీళ్ళు తీసకరాండి."

"అక్కా! లోపల సర్క్యూట్లు ఉన్నాయి," అంది నస్రీన్ కంగారుగా.

"వానకి తట్టుకునేట్టు చేశాం, పసుపుకి తట్టుకోదా?" అంది కామాక్షి.

గుడ్లన్నిటికీ పసుపునీళ్ళతో స్నానమైంది. చెరువు ఉత్తరం పక్క చెట్ల గూళ్ళలో గూటికొకటి పెట్టారు. ఆ పక్క మధ్యాహ్నం పూట స్ప్రింక్లర్లు ఆపడానికి మస్తానమ్మ ఒప్పుకుంది. దక్షిణం పక్క ఎప్పటిలాగే నీళ్ళు. ఉత్తరం పిల్లలకి నీలం ఉంగరాలు, దక్షిణం పిల్లలకి తెల్లవి. ఊళ్ళోవాళ్ళు వాటిని కడియాలు అన్నారు.

ఉత్తరం పిల్లలు చిన్నగా పుట్టాయి.

అలా పుడతాయని కామాక్షి ముందే చెప్పింది. వినడం వేరు, చూడడం వేరు. పక్క చెట్టు మీద బొద్దు పిల్లలుండగా ఇవి మెడలు సాగదీసుకుని, ఈకలు సరిగా రాక, నోళ్ళు తెరుచుకుని రొప్పుతుంటే ఊరు తట్టుకోలేకపోయింది. ఆడవాళ్ళు చేపలు తెచ్చి ఆ పక్క విసరసాగారు. కామాక్షి పడవ అడ్డంపెట్టి వాళ్ళతో పోట్లాడేది.

"పుట్టింటికొచ్చి బిడ్డ బక్కచిక్కి పోతే ఆ మాట ఎవురికి?" అనేవారు.

చినపోలయ్య నన్ను రోడ్డు మీద ఆపాడు. "అయివోరా, మీ చెల్లెలు గుడ్డులోనే బడి పెట్టినట్టుండాదే! పిల్లకాయలు పుట్టకముందే పరీక్షలకి చదివి చిక్కిపొయ్యారు."

నేను నవ్వాను. ఇంటికొచ్చి చూస్తే కామాక్షి కంచం ముందు ఊరికే కూర్చుని ఉంది.

"అన్నా, నేను చేసింది తప్పయితే?"

"లెక్క చేశావు కదా."

"చేశాను."

"సరిచూసుకున్నావా?"

"చూసుకున్నాను."

"అయితే జవాబు వచ్చేదాకా ఆగు. తిను."

నాకు అంతకంటే చెప్పడం రాలేదు.

మే నెలలో కొన్ని గూళ్ళు ఇంకా పగలని గుడ్లతో ఉన్నాయి. ఆలస్యంగా పెట్టిన తల్లులవి. ఒక మధ్యాహ్నం నస్రీన్ ఏదో సామాను కోసం నెల్లూరు వెళ్ళింది. కామాక్షి ఒక్కతే పడవ తోసుకుని ఉత్తరం పక్కకి వెళ్ళింది. సాయంత్రమైనా రాకపోతే నేనూ చినపోలయ్యా వెళ్ళాం. పడవ చెట్టుకి కట్టి ఉంది. ఆమె పడవలో వెనక్కి ఆనుకుని ఉంది. ఇలాంటప్పుడు నిద్రపోతున్నట్టుంది అంటారు. అలా లేదు.

ఆమె తలకి తువ్వాలు లేదు. ఇంటి నుంచి చుట్టుకునే వెళ్ళింది, నేను చూశాను.

మర్నాడు నస్రీన్‌కి అది దొరికింది. ఒక గూటి మీద కొమ్మలకి నాలుగు కొసలూ కట్టి పందిరిలా పరిచి ఉంది. కింద రెండు అసలు గుడ్లు, ఒక మంత్రసాని గుడ్డు. చేపలకి పోయిన తల్లి రావడం ఆలస్యమైనట్టుంది. పిల్లలకి నీడ పట్టొద్దని ఊరందరితో పోట్లాడిన మనిషి, తన తల మీది తువ్వాలు తీసి నీడ పట్టింది. ఆమె కూడా మా ఊరి పిల్లే కదా.

పురిటి నెలలు కాబట్టి తప్పెట లేదు. చప్పుడు లేకుండా చెరువుగట్టు మీదుగా నడిచాం. చెట్ల మీద పిల్లలు అరుస్తున్నాయి. బడికి సెలవులు. ఇంట్లో దిద్దడానికి పేపర్లు కూడా లేవు.

పెద్దకర్మ అయిపోయాక మస్తానమ్మ వచ్చి వాకిట్లో కూర్చుంది.

"అయివోరా, ఆ గుడ్లు తీయించు. బిడ్డల్ని చిక్కించినాయి. దాన్ని ఎత్తుకుపొయినాయి. ఇంకెవురు గావాల వాటికి?"

"గుడ్లు కాదు పెద్దమ్మా, ఎండ."

"ఏదో ఒకటి."

ఆమె మాటకి ఊరు కట్టుబడి ఉంటుంది. ఆమె వద్దంటే కామాక్షి చేసిన పని ఆ సాయంత్రంతో అయిపోతుంది. ఆ పని మంచిదో చెడ్డదో ఎప్పటికీ తెలియకుండా పోతుంది. నాకు రెండోది ఎక్కువ బాధగా తోచింది.

"నీలం కడియం పిల్లలు పెద్దయి, గుడ్లు పెట్టడానికి ఇక్కడికి వచ్చేదాకా ఉంచనీయండి."

"ఎప్పటికొస్తాయి?"

"మూడేళ్ళు పడుతుంది."

"రాకపోతే?"

"నేనే నిచ్చెన వేసుకుని ఎక్కి అన్నీ తీసేస్తాను. ఉత్తరం పక్క కూడా మీ నీళ్ళే పెట్టిస్తాను. మళ్ళీ నోరెత్తను."

ఆమె కొంగు విదిలించుకుని లేచింది. "సరే, ఉండనీ. నీ మొహం చూసి గాదు. మీయమ్మని ఆస్పత్రికి తీసకపోతా ఉంటే నీ చెల్లెలు ఆటోలోనే నా చేతుల్లో పడింది. అందుకని."

ఆ ఆగస్టులో నేనూ నస్రీనూ ఉప్పు నేలల మీద నడిచాం. ఎండ కింద నేల తెల్లగా మెరుస్తుంటే ఈకల కుప్పలు దూరం నుంచే కనపడేవి. వంగి కాళ్ళు చూసుకుంటూ పోయాం. తెల్ల కడియం, తెల్ల కడియం, మళ్ళీ తెల్లదే. నీలం ఎక్కడో ఒకటి. నస్రీన్ నిలబడి దుపట్టాతో మొహం తుడుచుకుంది.

"చూశావా అన్నా. మనవి పడిపోలేదు."

"కనపడకపోతే బతికినట్టని రాసుకోకూడదమ్మా."

"తెలుసన్నా. ఇవాళ ఒక్కరోజు అనుకుంటాను, రేపు మానేస్తా."

సరే అన్నాను. నేను కూడా దారంతా అదే అనుకున్నాను.

తరవాత రెండేళ్ళు ఉత్తరం పక్క గుడ్లు మూలుగుతూనే ఉన్నాయి. ఏటా చిన్న పిల్లలు పుట్టాయి, ఎగిరిపోయాయి. ఊరు నాతో మాట్లాడేది కానీ చెరువు సంగతి ఎత్తేది కాదు. బడిలో పాఠాలు చెప్పాను. జూన్‌లో బడి తెరిచిన రోజు పచ్చగుడ్డ ఎగరేశాను. స్తంభం నీడలో నిలబడి చెరువు వైపు చూడడం అలవాటైంది. 

మూడో ఏడు వానలు దాదాపు లేవు. చెరువులో చెట్ల మొదళ్ళు సగం బయటపడ్డాయి. ఊరి బోర్లు దిగిపోయాయి. తాగే నీళ్ళు రోజు మార్చి రోజు వదులుతున్నారు. పంచాయతీలో ఎవరో స్ప్రింక్లర్ల మోటారు సంగతి ఎత్తబోతే మస్తానమ్మ పూర్తి కానివ్వలేదు.

"మనం ఒక బిందె తక్కువ తాగుదాం. పురిటింటి నీళ్ళు ఆపేది లేదు. నేను పొయినాక మీ ఇష్టం."

శివరాత్రి దాటాక పక్షులు వచ్చాయి. రోజూ తెల్లవారి బడికి ముందు దూరదర్శినితో గట్టు మీద కూర్చునేవాడిని. గూట్లో కూర్చున్న పక్షికి కాళ్ళు కనపడవు. అది లేచేదాకా ఆగాలి. లేచిన ప్రతి పక్షీ తెల్ల కడియమో, బోసి కాళ్ళో. మొదటి వారం గడిచింది. రెండో వారం నేను వడ్రంగి దగ్గరికి వెళ్ళి నిచ్చెన మెట్లు బాగు చేయించాను. దాన్ని గోడకి ఆనించి పెట్టుకున్నాను. మాట మాటే కదా.

ఆ వారంలోనే ఒకరోజు భిన్నాలు చెబుతుంటే తరగతి గుమ్మంలో నస్రీన్ కనపడింది. పరిగెత్తుకొచ్చినట్టుంది. మా ఊళ్ళో ఆ నెలల్లో గట్టిగా పిలవకూడదని ఆమెకి తెలుసు. మాట్లాడకుండా వంగి తన కాలి చీలమండ తాకింది. తరవాత దుపట్టా కొస ఎత్తి చూపించింది. ఆ దుపట్టా నీలం రంగుది.

పాఠం మధ్యలో ఆపకూడదని నా నియమం. ఆ రోజు ఆపాను.

వచ్చినవి కొన్నే. కానీ వచ్చాయి. మిగతావాటిలా చెట్టు కొసన ఎండలో కట్టకుండా, కొమ్మల లోపలికి, ఆకుల కింద గూళ్ళు కట్టుకున్నాయి. మా ఊళ్ళో అంత లోపల గూడు కట్టిన పక్షిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కొన్ని ఉత్తరం పక్క, కొన్ని దక్షిణం పక్క, తెల్ల కడియం వాటి మధ్యనే స్థలం చూసుకున్నాయి. నస్రీన్ వాటి గూళ్ళలో మంత్రసాని గుడ్లు పెట్టలేదు.

"ఇప్పుడు పెడితే ఎవరు చెప్తున్నారో మనకి తెలియదన్నా. తిరిగొచ్చినంత మాత్రాన చాలదు. వాటంతట అవి చెప్పాలి."

గుడ్లు పగిలే రోజులు దగ్గరపడ్డాక మస్తానమ్మని పడవ ఎక్కించాం. తల మీద తడిగుడ్డ, ఒళ్ళో మజ్జిగ చెంబు. ఎక్కింది మొదలు సణుగుతూనే ఉంది.

"ఏందబ్బా మీ ఇద్దురూ! ముసల్దాన్ని ఈ ఎండకి తెచ్చి నీళ్ళలో ముంచేదానికా?"

"మెల్లిగా పెద్దమ్మా. పురిటిల్లు," అన్నాను.

"నా కట్టుబాటు నాకే చెప్తా ఉండాడు చూడు," అంది. కానీ గొంతు తగ్గించింది.

ఉత్తరం పక్క చెట్ల కింద ఆగాం. గాలి లేదు. ఆకుల లోపల ఒక నీలం కడియం తల్లి గుడ్ల మీద లేచి నిలబడి, రెక్కలు కొంచెం విప్పి నీడ పట్టి ఉంది. చాలాసేపు ఏమీ లేదు. మజ్జిగ చెంబు మా మధ్య తిరిగింది.

అప్పుడు వినపడింది. ఖాళీ కుండ మూతిలో ఊదినట్టు, లోతుగా.

మస్తానమ్మ తల తిప్పింది. "ఎవురికన్నా నొప్పులా?"

నస్రీన్ వేలితో చూపించింది. ఆ తల్లి మెడ వంచి, ముక్కు గుండెలకి ఆనించి, గుడ్ల వైపు మళ్ళీ మూలిగింది.

"మీ యంత్రమా?"

"ఆ గూట్లో మన గుడ్డు లేదు పెద్దమ్మా. ఆ తల్లే."

"మరి దానికెవురు నేర్పినారు?"

పక్క గూట్లో తెల్ల కడియం తల్లి కూడా లేచి నిలబడింది. అది మూలగలేదు. దానికి రాదు. కానీ దాని కింద ఉన్న గుడ్లకీ ఈ గూటికీ మధ్య బారెడు దూరం కూడా లేదు.

"అవి గూడా వింటాయా?" అంది మస్తానమ్మ.

"వింటాయి."

"అయితే చెట్టుకొక తల్లి చెప్తే చాలు."

పడవని దక్షిణం పక్కకి తోశాను. అక్కడ స్ప్రింక్లర్లు తిరుగుతున్నాయి. మా మీద కూడా తుంపర పడింది. హాయిగానే ఉంది. ఆకుల లోపల ఇంకో నీలం కడియం తల్లి తడిసిన రెక్కలతో, కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. ఎంతసేపు ఆగినా చప్పుడు లేదు.

"ఇదీ మనదే గదా? నోరు కట్టేసినట్టుండాదే?"

నస్రీన్ నా వైపు చూసింది. ఎవరో ఒకరు చెప్పాలి. "చల్లగా ఉంది పెద్దమ్మా. ఎండ తెలియడం లేదు," అన్నాను.

మస్తానమ్మ మొహం మీది నీళ్ళు తుడుచుకోలేదు. తుంపర కేసి చూసింది, గూటి కేసి చూసింది. ఎన్నేళ్ళు ఎంత మంది బిందెలు తగ్గించుకుని ఆ నీళ్ళు ఎక్కించారో ఆమెకి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఒళ్ళోంచి చెంబు తీసి పక్కన పెట్టింది. పడవలో లేచి నిలబడింది. నేను పట్టుకునేలోపే గట్టు వైపు తిరిగి అరిచింది.

"రేయ్! ఆ మోటారు ఆపండ్రా!"

గట్టు మీద బట్టలుతికే వాళ్ళు చేతులు ఆపేశారు. పురిటి నెలల్లో కూనలపట్టు చెరువులో అంత గొంతు ఎవరూ వినలేదు. అందులోనూ ఆమె గొంతు. కొన్ని పక్షులు లేచి ఒక చుట్టు తిరిగి మళ్ళీ వాలాయి.

"ఒక్కసారిగా వద్దు పెద్దమ్మా. ఆపే సేపు రోజూ కొంచెం కొంచెం పెంచుదాం," అంది నస్రీన్ భయంగా.

"ఇప్పుడు కాసేపు ఆపితే ఏంగాదులే. వింటాను."

నీటి చప్పుడు ఆగింది. ఆకుల మీది చుక్కలు ఒకటొకటిగా రాలి ఆరిపోయాయి. ఎండ దిగింది. లోపలి తల్లి కళ్ళు తెరిచింది. లేచి నిలబడి రెక్కలు విదిలించుకుంది. అది మెడ వంచింది.

మూలిగింది.

మస్తానమ్మ కూలబడి తడిగుడ్డతో మొహం కప్పుకుంది. గుడ్డ లోంచే అంది, "దాన్ని నేను మాటలన్నాను అయివోరా."

"ఆమె పట్టించుకోలేదు పెద్దమ్మా," అన్నాను. అది పూర్తిగా నిజం కాదు. కానీ ఆ మాటే అనాలనిపించింది.

ఆ ఏడాది దక్షిణం పక్క పిల్లలు కూడా కొంచెం చిన్నగా పుట్టాయి. ఊళ్ళో ఎవరూ చేపలు విసరలేదు. మధ్యాహ్నం మోటారు ఆగిన దగ్గరనుంచి వీధి కుళాయిలకి రోజూ నీళ్ళొచ్చాయి. చినపోలయ్య మాత్రం, "మా మనవడికి గూడా ఏసీ ఆపి చూస్తా ఉండామబ్బా. వాడు మూలగడం లేదు, అరస్తా ఉండాడు," అన్నాడు.

పిల్లలన్నీ ఎగిరిపోయాక, శ్రావణంలో, బడి గంటకి చుట్టిన గుడ్డ విప్పుతుంటే మస్తానమ్మ ఆడవాళ్ళని వెంటపెట్టుకుని వచ్చింది. చేతిలో చేట. చేటలో బియ్యం, తమలపాకులు, వెంకటగిరి చీర. పైన ఒక మంత్రసాని గుడ్డు, పసుపు రాసి బొట్టు పెట్టి ఉంది. పురుడు పోసిన మంత్రసానికి చేట పెట్టి పంపడం మా వైపు ఆనవాయితీ. పెట్టకపోతే బిడ్డకి మంచిది కాదంటారు. మిగతా గుడ్లని నస్రీన్ వేరే ఊరి చెరువుకి తీసుకెళ్ళడానికి అప్పటికే పెట్టెలో సర్దేసింది.

"మంత్రసానికి పెట్టాలి గదా," అంది మస్తానమ్మ. "దాని పుట్టింటోడివి నువ్వేగా. పట్టుకో."

రెండు చేతులా పట్టుకున్నాను. బరువుగా ఉంది. పిల్లలు గంట కోసం ఎదురుచూస్తున్నారు. గంట వాళ్ళనే కొట్టమన్నాను.

తిరిగొచ్చిన ఆ తల్లుల్లో తువ్వాలు కట్టిన గూటి పిల్ల ఏదైనా ఉందా అన్నది కడియం మీది నెంబరు చూస్తే నస్రీన్‌కి తెలుస్తుంది. నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

చీర బీరువాలో ఉంది. గుడ్డు నా బల్ల మీద, కిటికీ పక్కన ఉంది. ఉపగ్రహం మాట అది ఇంకా వింటూనే ఉంది. మర్నాడు ఎండ ఎక్కువైతే సాయంత్రమే మూలుగుతుంది. పేపర్లు దిద్దుతూ వింటాను. ఉదయం పిల్లలకి నీళ్ళు ఎక్కువ తెచ్చుకోమని కబురు పంపుతాను. తువ్వాలు తడిపి తలకి చుట్టుకుని బడికి బయలుదేరతాను.

ఆ తువ్వాలు కామాక్షిది. నస్రీన్ ఉతికి తెచ్చిచ్చింది.